కంచంలో ఎడమవైపు

గురువారం సాయంత్రం ఏడుంబావుకి మా ఆవిడ భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. కువైట్‌లోని హవల్లీలో మా ఫ్లాట్‌లో వంటగదికీ హాలుకీ మధ్య చిన్న బల్ల ఒకటి ఉంది. ఇద్దరం దాని మీదే తినేవాళ్ళం. వంట ఆమెది, వడ్డన నాది, కంచాలు తీసి కడిగే పనీ నాదే. ఆ రోజు ఆమె కంచం తీయబోతే ఎడమవైపు వేసిన ఆవకాయ ముక్క వేసినట్టే ఉంది. పక్కన గోంగూర పచ్చడీ, చిటికెడు ఉప్పూ కూడా అలాగే ఉన్నాయి. మిగతా కంచంలో మెతుకు మిగల్లేదు.

చూశాను గానీ ఏమీ అడగలేదు. అంతకు కొన్నాళ్ళ ముందే క్లినిక్‌లో ఆమెకు బీపీ కాస్త ఎక్కువుందనీ, ఉప్పూ ఊరగాయా తగ్గించమనీ చెప్పారు. ఆమె విజయవాడ మనిషి, ఆవకాయ లేనిదే ముద్ద దిగేది కాదు. అలాంటిది తనంతట తనే మానేస్తోందంటే కదిలించకూడదు, కదిలిస్తే పంతానికి మళ్ళీ మొదలుపెడుతుంది అనుకున్నాను. అయినా వడ్డించడం మాత్రం ఆపలేదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు వడ్డన నాకు దగ్గరుండి నేర్పింది. ఎడమవైపు ఉప్పు, ఊరగాయ, పచ్చడి. కుడివైపు కూర, పప్పు. మధ్యలో అన్నం. ఇష్టం లేకపోతే వదిలేస్తారు, కంచం మాత్రం నిండుగా కనపడాలని ఆవిడ పద్ధతి. నేను అదే పాటిస్తూ వచ్చాను.

మా ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ రోజుల్లో నన్ను పట్టుకున్న భయం ఎలా మొదలైందో వరసగా రాసుకుంటే అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

ఆమె అబ్బాసియాలో ఒక స్కూల్లో చరిత్ర చెప్పేది. రోజూ తనే కారు నడుపుకుంటూ వెళ్ళి వచ్చేది. ఆ చలికాలంలో సెల్లార్ స్తంభానికి తగిలి కారు ఎడమ అద్దం విరిగింది. కొన్నాళ్ళకి అదే వైపు తలుపు పొడుగునా గీసుకుంది. స్తంభాలు దారి మీదికి కట్టారని ఆమె బిల్డింగు చూసుకునే హారిస్‌తో పోట్లాడింది. అతను ఈజిప్టువాడు, ముసలివాడు. స్తంభాలు తను రాకముందు నుంచీ అక్కడే ఉన్నాయని వచ్చీరాని ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు. పైకి వచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం.

శుక్రవారం సాయంత్రాలు ముబారకియా సూక్‌కి వెళ్ళేవాళ్ళం. కప్పు కింద సన్నటి వీధులు, ఖర్జూరాల దుకాణాలు, అత్తర్ల వాసన, ఆ వెనక చేపల మార్కెట్. కొనేది తక్కువ, నడిచేది ఎక్కువ. చివరికి టీ తాగి వచ్చేసేవాళ్ళం. ఆ రోజుల్లో ఆమె మధ్యమధ్యలో ఆగి నా కోసం వెతుక్కునేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. "మాటిమాటికీ ఎక్కడికి మాయమవుతారండీ? మెళ్ళో తాడు కట్టి తీసుకురావాలి మిమ్మల్ని" అనేది. వేళాకోళమనుకున్నాను. ఒకసారి సరుకుల తోపుడు బండి ఆమె ఎడమ మోచేతికి గట్టిగా తగిలింది. బండివాడు చాలా ముందునుంచే అరుస్తూ వస్తున్నాడు. నాకు వినిపించింది. ఆమెకు అంత చప్పుడులో వినపడలేదనుకున్నాను.

ఇంట్లో మాత్రం అప్పుడప్పుడూ, "ఈ మధ్య భోజనంలో రుచనేది లేకుండా పోయింది" అనేది. కూరల్లో ఉప్పు తగ్గించుకున్నది తనే కదా అని నేను ఊరుకునేవాణ్ణి.

థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ చూడాలన్నది ఆమె పాత కోరిక. పాత ఊరి చుట్టూ నలుచదరంగా నీళ్ళ కందకం, అక్కడక్కడా మిగిలిన ఇటుక గోడలు, లోపల వీధికొకటి చొప్పున బౌద్ధ ఆలయాలు. కందకంతో సహా నిలిచిన ఊరిని పుస్తకంలో చూపించి పాఠం చెప్పడం విసుగొచ్చిందనీ, ఒకసారి దాని గట్టు మీద నడవాలనీ అనేది. ఫిబ్రవరి ఆఖర్లో కువైట్ జాతీయ సెలవులు వచ్చినప్పుడు, ఇంకో రెండ్రోజులు కలుపుకుని వెళ్ళాం. మేం ఎక్కడికి వెళ్ళినా చేసినట్టే పెట్టెలో బట్టల మధ్య చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకున్నాం. పెట్టింది నేను.

అక్కడ అప్పటికే పొలాలు తగలబెట్టే కాలం మొదలైంది. ఊరి పడమటి కొండ పొగలో ఉందో లేదో అన్నట్టుంది. కందకం లోపల ఒక వీధిలో, గది అద్దెకిచ్చే ఇంట్లో దిగాం. ఇంటావిడ మాకంటే పెద్దది. పొద్దున మాకోసం అన్నం వండిపెట్టడానికి ఒప్పుకుంది. ఆదివారం బజారుకి వెళ్తామంటే, సాయంత్రం ఆరింటికి మైకుల్లో వాళ్ళ జాతీయగీతం వస్తుందనీ, అందరూ ఉన్నచోటే ఆగిపోతారనీ, మేమూ ఆగాలనీ కొంత మాటలతో, కొంత చేతులతో చెప్పింది. మా ఆవిడ ఆమె ముందే నిటారుగా నిలబడి చూపించింది. ఇద్దరూ నవ్వారు.

శనివారం ఊరి నడిమధ్య ఉన్న పెద్ద స్తూపం చూడటానికి వెళ్ళాం. ఎప్పుడో భూకంపంలో పైభాగం కూలిపోయి సగం మిగిలిన ఇటుక కట్టడం అది. స్తూపాన్ని కుడిచేతివైపు ఉంచుకుని తిరగడం మనకీ వాళ్ళకీ ఒకటే. ఆమె నన్నూ తిప్పింది. ఏ ఇటుకలు పాతవో, ఏవి తరవాత వేసినవో, ఒక పక్కన గట్టుకు వరసగా ఉన్న ఏనుగు శిల్పాల్లో ఏది అసలుదో ఏది అతుకో చెబుతూ నడిచింది. అంత ఉత్సాహంగా ఆమెను చూసి చాలా రోజులైంది.

ఎదురుగా ఒక ముసలి భిక్షువు వస్తున్నాడు. ఆడవాళ్ళు భిక్షువులను తాకకూడదని, పొరపాటున చీర కొంగు కూడా తగలనివ్వకూడదని విమానంలో నాకు చెప్పింది ఆమే. ఆయన ఆమెకు ఎడమవైపుగా వచ్చాడు. ఆమె తప్పుకోలేదు. ఆయన ఆగి పక్కకి జరిగేలోగా ఆమె ఎడమ భుజం ఆయన భుజానికి తగిలింది. చుట్టుపక్కల పూలు పట్టుకున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఇటు చూశారు. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. నేను చేతులు జోడించాను.

ఆమె మాట ఆపలేదు. ఏనుగుల గురించే చెబుతోంది. నిర్లక్ష్యం కాదది. ఆమె లెక్కలో అక్కడ ఎవరూ లేరు.

నాకు అప్పుడు మొదటిసారి భయం వేసింది. కళ్ళు సరిగ్గా కనిపిస్తున్నాయా అని అడిగాను.

"మీకంటే బాగానే కనిపిస్తున్నాయి. ఆ పైన, మూడో ఏనుగు మీద, ఇటుకల సందులో పావురం ఉంది. కనిపిస్తోందా తమరికి?"

నాకు కనపడలేదు. కళ్ళజోడు తుడుచుకుని వెతికితే అప్పుడు కనపడింది. పావురం ఉంది. దాంతో ధైర్యం రావలసింది, రాలేదు.

ఆదివారం సాయంత్రం తూర్పు ద్వారం దగ్గర నుంచి ఊరి మధ్య దాకా వాహనాలు ఆపేసి వీధంతా బజారు పెట్టారు. నీలిమందు అద్దిన నూలు బట్టలు, కాగితం గొడుగులు, పువ్వుల్లా చెక్కిన సబ్బులు, కుర్చీలు వేసి కాళ్ళు పట్టేవాళ్ళు. గుళ్ళ ఆవరణల్లో తిండి దుకాణాలు, కాల్చిన అరటిపళ్ళ వాసన. జనం రెండు వరసల్లో నెమ్మదిగా కదులుతున్నారు. ఆమె ప్రతి దుకాణం ముందూ ఆగింది. కాసేపటికి గమనించాను. ఆమె ఆగినవన్నీ కుడివైపువే. ఎడమవైపువి తిరిగొచ్చేటప్పుడు చూద్దామా అని అడిగాను.

"అటేమున్నాయి, అటేం లేవుగా" అంది.

అటు దీపాలు పెట్టిన దుకాణాలు వీధి చివరి దాకా ఉన్నాయి.

అప్పటి నుంచి ఆమె భుజం వదల్లేదు. కానీ ఒక బట్టల దుకాణం దగ్గర ఆమె నీలం రంగు తువ్వాళ్ళు విప్పి చూస్తూ, దాహంగా ఉంది, నీళ్ళు తెమ్మంది. నీళ్ళు అమ్మే అమ్మాయి వీధికి అవతలి పక్కనే ఉంది. ఆమెను అక్కడి నుంచి కదలొద్దన్నాను. "చిన్నపిల్లనా" అంది. సీసా అందుకుని వెనక్కి తిరిగేసరికి స్తంభాల మీది మైకులు గరగరలాడాయి. పాట మొదలైంది.

వీధి ఆగిపోయింది. బేరాలాడుతున్నవాళ్ళు నోరు మూసుకున్నారు. కాళ్ళు పట్టించుకుంటున్నవాళ్ళు కుర్చీల్లోంచి లేచి ఉత్తకాళ్ళతో నిలబడ్డారు. పెనం మీద ఏదో మాడుతున్నా ఒకామె గరిటె ఎత్తి పట్టుకుని అలాగే ఉంది. అన్ని వందలమందిలో ఒక్క మనిషి కదులుతోంది. మా ఆవిడ.

ఆమె నన్ను వెతుక్కుంటోంది. నిలబడ్డ మనుషుల మధ్య నుంచి, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ నడిచి వస్తోంది. అంత భయం ఆమె ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. నా వైపే వస్తోంది. నేను చెయ్యి ఎత్తాను. దగ్గరికి వచ్చింది. నేను ఆమెకు ఎడమవైపున, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. నా ముఖం మీదుగా ఆమె చూపు ఆగకుండా వెళ్ళిపోయింది. నన్ను దాటి నడిచింది.

"ఇదిగో. ఇక్కడున్నాను" అన్నాను.

ఆమె ఠక్కున ఆగింది. గొంతు విన్నది. తల తిప్పింది, నా వైపు కాదు, రెండోవైపు. అక్కడ నిలబడ్డ ఎవరో ముసలాయన్ని, ఆయన వెనక గోడని, గోడ పక్క సందుని వెతికింది. మళ్ళీ పిలిచాను. ఇంకా కుడికి తిరిగింది. నా గొంతు అటునుంచి వస్తోందని ఆమె నమ్మకం. పాట నడుస్తుండగానే కదిలి, చుట్టూ తిరిగి ఆమె ఎదుటికి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు కనపడ్డాను.

పాట ఆగింది. వీధి మళ్ళీ కదిలింది. ఆమె నా చొక్కా పట్టుకుంది.

"ఎక్కడికి పోయారు?"

"నీ పక్కనే ఉన్నాను."

"అబద్ధం. పక్కనంతా చూశాను."

తిరుగు దారంతా ఆమె కోపంగానే నడిచింది. చీకటి పడకముందే గది చేరాం. ఆమె తొందరగానే నిద్రపోయింది. ఏం అడగాలో, అడిగితే ఏం తెలుస్తుందో తేల్చుకోలేక నేను అలాగే కూర్చున్నాను.

పొద్దున ఇంటావిడ అన్నం, గుడ్డు అట్టు, ఆకుకూర తెచ్చింది. నేను ఎప్పట్లాగే వడ్డించాను. ఎడమవైపు ఆవకాయ పెట్టాను. ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. ఆమె కూర కలుపుకుని తింటోంది, కందకం గట్టు మీద ఈ రోజు ఎటునుంచి ఎటు నడవాలో చెబుతోంది. తినడం ఆపింది. కంచంలో కుడి సగం ఖాళీ అయింది. ఎడమ సగంలో అన్నం గోడ కట్టినట్టు నిటారుగా మిగిలింది. దాని అవతల ఆవకాయ.

"ఇంకొంచెం పెట్టమందామా? అన్నం చాల్లేదు" అంది.

నీళ్ళ గ్లాసు జరుపుతున్నట్టు నటిస్తూ కంచాన్ని సగం చుట్టు తిప్పాను.

ఆమె కంచంలోకి చూసింది. తరవాత నా వైపు చూసి నవ్వింది.

"ఇన్నాళ్ళకి దయ కలిగిందా? ఆవకాయ వెంట తెచ్చి కూడా దాచారన్నమాట. ఎవరో బీపీ అన్నారని కంచంలో కనపడకుండా చేశారు. నేనూ అడగలేదు. ఎన్నాళ్ళు సాగిస్తారో చూద్దామని ఊరుకున్నా."

ఆమె ఆవకాయ కలుపుకుని తిన్నది, ముక్క నమిలి టెంక పక్కన పెట్టింది. ఇన్ని వారాలుగా ఆమె మానేసిందని నేను, నేను మాన్పించానని ఆమె, ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి మీద ఒకరం దయతో నోరు మూసుకుని ఉన్నాం. ప్రతి పూటా ఆవకాయ ఆమె ముందే ఉంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆవకాయ కాదు. కారు. కువైట్‌లో ఐదో రింగ్ రోడ్డు మీద పొద్దున్నే ఆమె ఒక్కతే నడుపుకుంటూ వెళ్ళడం.

కందకం గట్టు మీద నడవాలన్నది ఆమె. నీళ్ళు కుడివైపు ఉండేలా నడిపించి, నేను రోడ్డు వైపు నడిచాను. ఎడమవైపు మోటారు సైకిళ్ళు దూసుకుపోతున్నాయి. నేను అటుంటే ఆమెకు నేను లేను. ఇటుంటే ఆమెకు రోడ్డు వైపు కాపు లేదు. అందుకని ఎడమవైపే ఉండి, ఆమె చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ నడిచాను. ఆమె నాకు జవాబులు నీళ్ళవైపు తిరిగి చెప్పింది. ఎదురొచ్చినవాళ్ళు ఆమె ఎవరితో మాట్లాడుతోందా అని చూశారు. గట్టు మూల దాకా వెళ్ళి కూలిన బురుజు మీద చెయ్యి వేసి, "పుస్తకంలో ఇది ఇంత ఎర్రగా లేదు" అంది. ఆ ఒక్కమాట కోసం తీసుకెళ్ళినందుకు ఇప్పుడు సంతోషిస్తాను. అప్పుడు మాత్రం ఎప్పుడు విమానం ఎక్కుతామా అని చూశాను.

కువైట్ చేరిన సాయంత్రమే మా పై అంతస్తులో ఉండే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. హైదరాబాదు మనిషి, మా ఆవిడను వదినా అని పిలిచేది. భిక్షువు సంగతి, పాట సంగతి, కంచం తిప్పిన సంగతి చెప్పాను. మొదట చిరునవ్వుతోనే విన్నది. కంచం దగ్గరికి వచ్చేసరికి కుర్చీలో ముందుకి జరిగింది.

"అన్నా, పరేషాన్ కాకండి. పొద్దుగాల నేనే తీస్కపోత స్కాన్‌కి. గానీ కారు చాబి మాత్రం ఇప్పుడే తెచ్చి నాకియ్యండి. వదిన అడిగితే నేను తీస్కున్ననని చెప్పండి."

తాళం తెచ్చి ఇచ్చాను. మా ఆవిడ అడిగితే ఆ మాటే చెప్పాను. "ఆవిడకేం పోయేకాలం, రెండు కార్లున్నాయిగా" అంది.

మెదడులో కుడివైపు గడ్డ. అది పెరిగేకొద్దీ ఎడమవైపు ప్రపంచం చెరిగిపోతుందని స్కాన్ చూసిన డాక్టరు చెప్పాడు. కళ్ళు పనిచేస్తాయి, చెవులు పనిచేస్తాయి, కానీ ఆ వైపనేది ఒకటి ఉందన్న సంగతే మనిషికి ఉండదు. ఆపరేషన్ చేస్తే కొంతకాలం అన్నాడు. ఆ కొంతకాలం ఎంతో నేను అడగలేదు. ఆమె అడిగింది. ఆయన తల వంచుకుని తెర మీది బొమ్మను చూపించడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చాక సోఫాలో కూర్చుంది.

"నాకు సగం కనపడటం లేదని మీరంతా అంటున్నారు. నాకేమో అంతా నిండుగానే కనిపిస్తోంది. లేనిదేదో లేదని నాకెలా తెలుస్తుంది?"

అప్పటి నుంచి ఆమెకు భయం పట్టుకుంది. అంతవరకూ భయం నాది మాత్రమే. గదిలో నేను పక్కనే ఉన్నా, "ఏమండీ, ఉన్నారా?" అని అడిగేది. ఉన్నానంటే సరిపోయేది కాదు. వచ్చి కుడివైపు నిలబడాలి. రోజు మొత్తంలో ఎన్నిసార్లు మంచం చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణో. ఆమెకు కనపడకుండా ఉండకూడదనే భయంతో స్నానం కూడా తలుపు తీసే చేసేవాణ్ణి.

ఆపరేషన్ తరవాత కొంచెం కోలుకున్నప్పుడు సూక్‌కి వెళ్దామంది. తీసుకెళ్ళాను. ఎడమవైపు దుకాణాల గోడ ఉండేలా ఆమెను గోడవార నడిపించి నేను కుడివైపు నడిచాను. అలా అయితే బండ్లు రావు, నేనూ కనపడతాను. ఖర్జూరాల వీధి అలా ఒక పక్కనే దాటాం. పొద్దు గుంకాక మసీదు నుంచి మగ్రిబ్ బాంగు వినపడగానే ఆమె ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. "అందరూ ఆగిపోతారా?" అని అడిగింది. ఆగరు, ఇది కువైట్ అన్నాను. అయినా బాంగు అయ్యేదాకా ఇద్దరం ఆగాం. టీ తాగాం. గ్లాసు ఆమె కుడిచేతి దగ్గర పెట్టాను.

ఇంట్లో వడ్డన మార్చాను. అన్నం, పప్పు, కూర, పచ్చడి, ఉప్పు, ఆవకాయ అన్నీ కంచంలో కుడి సగంలోనే సర్దేవాణ్ణి. మొదటిరోజు చూసి నవ్వింది.

"మా అమ్మ ఉంటే మిమ్మల్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోమనేది."

బీపీ గురించి ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. అడిగినంత ఆవకాయ వేశాను. ఆమె తిన్నన్నాళ్ళూ కంచంలో మెతుకు మిగల్చలేదు.

ఎండలు తగ్గేలోపే పోయింది. విజయవాడ తీసుకెళ్ళి కార్యం ముగించి, ఉద్యోగం ఉంది గనక తిరిగొచ్చాను. డాక్టరమ్మ కారు తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది. చాలాసేపు కూర్చుని వెళ్ళింది.

ఇప్పుడు వంటా నాదే, వడ్డనా నాదే. ఒక్క కంచమే. సాయంత్రం అదే బల్ల దగ్గర కూర్చుంటాను. వెనక నుంచి ఎవరో నన్ను వెతుక్కుంటూ దాటిపోతున్నట్టు అనిపించి అప్పుడప్పుడూ తలెత్తుతాను. అన్నీ కుడివైపు పెట్టుకుని తింటాను. మా ఇంట్లో కంచంలో ఎడమవైపు ఏమీ వడ్డించడం లేదు.